గంట మారిన సంగతి గోవుకు ఎవరు చెప్పాలి?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం సాధారణంగా కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి, జీవన ప్రమాణ పత్రాల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "అవన్నీ నేను నివేదికలో చెబుతాను గాని, మీరు ఆడవాళ్ళూ పిల్లలూ కూడా వినదగ్గ విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. ఆలోచించగా, మనలో చాలామందికి తెలిసీ తెలియని విషయం ఒకటి తోచింది. అదే విదేశాలలో ఏడాదికి రెండుసార్లు జరిగే గడియారం మార్పు. ఆ మార్పు వల్ల మనుషులు పడే అవస్థ గురించి పత్రికలలో వస్తూనే ఉంటుంది. గడియారం చూడడం రాని పశువులూ, పెంపుడు జంతువులూ ఏం చేస్తాయి అన్నది నేను ఈ పూట మనవి చేయదలచుకున్న సంగతి.

ఇది మనకెందుకు అని మీరు అడగవచ్చు. ఈ హాలులో పిల్లలు అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఉన్నవారు సగం మందికి తక్కువ ఉండరు. నవంబరు రాగానే వాళ్ళ ఫోను గంట ఆలస్యంగా మోగుతుంది. మార్చిలో మళ్ళీ గంట ముందుకు జరుగుతుంది. న్యూయార్కుకూ మనకూ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటల తేడా ఉంటే, చలికాలంలో పదిన్నర గంటలు. లండనుకూ మనకూ నాలుగున్నర, ఐదున్నర. మన గడియారం ఎక్కడిదక్కడే ఉంటుంది. జరిగేది వాళ్ళది.

అమెరికాలో 2007 నుంచి అమలవుతున్న పద్ధతి ప్రకారం మార్చి నెల రెండవ ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలప్పుడు గడియారాన్ని మూడుకు తిప్పుతారు. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండును మళ్ళీ ఒంటిగంట చేస్తారు. ఐరోపా దేశాలలో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మారుస్తారు. అమెరికాలోనే హవాయి రాష్ట్రంవారు అసలు మార్చరు. అరిజోనాలో నవహో తెగవారి ప్రాంతంలో తప్ప తక్కినచోట మార్చరు.

ఈ ఆలోచన ఎవరికి వచ్చిందో వింటే మనబోటివాళ్ళకు కాస్త గర్వంగా ఉంటుంది. న్యూజిలాండులో జార్జి వెర్నన్ హడ్సన్ అని ఒక తపాలా శాఖ ఉద్యోగి ఉండేవాడు. ఆయనకు పురుగులను సేకరించే అలవాటు. ఆఫీసు ముగిశాక ఇంకా పొద్దు మిగిలి ఉంటే పురుగులు పట్టుకోవచ్చు గదా అని, వేసవిలో గడియారాన్ని రెండు గంటలు ముందుకు జరపాలని 1895లో వెల్లింగ్టన్‌లోని ఒక శాస్త్ర సంఘం ముందు ప్రతిపాదించాడు. తరువాత 1907లో ఇంగ్లండులో విలియం విల్లెట్ అనే ఇళ్ళ కాంట్రాక్టరు, వెలుతురు వృథా పోతోందని ఒక చిన్న పుస్తకం అచ్చువేసి ప్రచారం చేశాడు. ఆయన 1915లో పోయాడు. ఆ మరుసటి ఏడాది, 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుమ బొగ్గు ఆదా కోసం ముందు జర్మనీ, తరువాత బ్రిటన్ ఈ పద్ధతిని పెట్టాయి. 1918లో అమెరికా పెట్టింది.

ఇక్కడ ఒక అపోహ ఉంది. ఇదంతా రైతుల మేలు కోసం పెట్టారని అమెరికాలో కూడా చాలామంది నమ్ముతారు. నిజానికి గట్టిగా ఎదురు తిరిగింది రైతులే. ఎందుకంటే గడ్డి కోయాలంటే మంచు ఆరాలి. మంచును ఆర్పేది సూర్యుడు గాని గడియారం కాదు. కూలీలు గడియారం ప్రకారం వచ్చి, మంచు ఆరేదాకా చేతులు ముడుచుకుని కూర్చుని, సాయంత్రం గడియారం ప్రకారం వెళ్ళిపోయేవారు. పట్నానికి పాలు తీసుకువెళ్ళే రైలు కొత్త గంట ప్రకారం వచ్చేది. ఆవు మాత్రం పాత గంట ప్రకారమే ఉండేది. రైతుల గోల పడలేక 1919లో అమెరికా కాంగ్రెసు, అధ్యక్షుడు విల్సన్ వీటోను కూడా తోసిపుచ్చి, ఆ చట్టంలోని గంట మార్పును రద్దు చేసింది. రెండవ యుద్ధంలో మళ్ళీ వచ్చింది. 1966లో దేశమంతటికీ ఒకే నియమం ఏర్పడింది.

మన దేశంలో కూడా ఇది ఒకప్పుడు జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా మన గడియారాలను గంట ముందుకు జరిపారు. మా నాన్నగారు ఆ సంగతి చెబుతూ, కచేరీకి కొత్త గంట, చేనికి పాత గంట అనేవారు. "మరి పశువులో?" అని అడిగితే, "వాటికి పొద్దే గంట" అనేవారు.

అసలు మనకు ఇప్పుడు ఈ బెడద ఎందుకు లేదు? మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం. హైదరాబాదులో పగలు చలికాలంలో సుమారు పదకొండు గంటలు, ఎండాకాలంలో సుమారు పదమూడు గంటలు. తేడా రెండు గంటలే. లండనులో డిసెంబరు పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. జూన్ పగలు పదహారున్నర గంటలు దాటుతుంది. అంత తేడా ఉన్నచోట తెల్లవారుజామున నాలుగు గంటలకే తెల్లారిపోతే, నిద్రలో పోయే ఆ వెలుతురును సాయంత్రానికి మళ్ళించాలని మనిషికి బుద్ధి పుట్టడం సహజం. మనకు మళ్ళించవలసినంత వెలుతురు మిగలదు.

ఇక జంతువుల సంగతి. ప్రాణులకు లోపల ఒక గడియారం ఉంటుందని శాస్త్రజ్ఞులు చాలాకాలం కిందటే కనిపెట్టారు. 1729లో ఫ్రాన్సులో ద మైరాన్ అనే ఆయన, పగలు విచ్చుకుని రాత్రి ముడుచుకునే అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా అది వేళకు విచ్చుకుంటూ, వేళకు ముడుచుకుంటూనే ఉంది. మన మెదడులో ఈ గడియారం ఏ భాగంలో ఉన్నదో 1972లో ఎలుకల మీద పరిశోధనల వల్ల తెలిసింది. కణాలలో ఆ గడియారం ఎలా నడుస్తుందో ఈగల మీద పనిచేసి తేల్చినందుకు ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కోడి సంగతి కూడా జపానులో నగోయా విశ్వవిద్యాలయంవారు 2013లో చూశారు. మసక వెలుతురులోనే రాత్రింబవళ్ళు ఉంచినా పుంజు వేళకు కూసింది. అంటే కోడి కూతకు తెల్లవారడం ఒక్కటే కారణం కాదు, లోపలి లెక్క కూడా ఉంది.

ఈ లోపలి గడియారాన్ని రోజూ సరిదిద్దేది ప్రధానంగా వెలుతురు. దీన్ని నేను పొద్దు గడియారం అంటాను. ఇది గాక మరొకటి ఉంది, పొట్ట గడియారం. రోజూ ఒకే వేళకు మేత వేస్తే, ఆ వేళకు ముందే జంతువు లేచి తిరగడం మొదలుపెడుతుంది. రిచ్టర్ అనే శాస్త్రజ్ఞుడు 1922లోనే ఎలుకలలో ఇది గమనించి రాశాడు. మన ఇళ్ళల్లో దీనికి శాస్త్రజ్ఞుడు అక్కరలేదు. కుడితి వేళ దాటితే పాకలో గేదె అరుపు ఇంటిల్లిపాదికీ వినపడేది.

ఈ రెండింటినీ విడదీసి చూస్తే సమస్య అంతా విడిపోతుంది. అడవి జంతువులకూ, పచ్చికబయలులో మేసే గొర్రెలకూ పొద్దు గడియారమే. వాటికి గంట మారిన సంగతి తెలియనే తెలియదు. మనిషి చేతి మీద బతికే వాటికే చిక్కంతా. మనిషి గంట ఆలస్యంగా వస్తే దాని పొట్ట గంటసేపు ఎదురుచూస్తుంది.

దీన్ని నేను కళ్ళారా చూశాను. మా అమ్మాయి, అల్లుడు విస్కాన్సిన్ రాష్ట్రంలో మాడిసన్ పట్నం దగ్గర ఉంటారు. అది పాడికి పేరుపడిన రాష్ట్రం. 2019 సెప్టెంబరులో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళి ఆరు నెలలున్నాం. వాళ్ళ ఇంటికి కొద్ది దూరంలో ఒక రైతు దొడ్డి ఉంది. అరవై దాకా పాలిచ్చే ఆవులు. అల్లుడు అక్కడ పాలూ వెన్నా కొనేవాడు. పల్లెటూరి పుట్టుక కావడాన నేనూ వెంట వెళ్ళేవాడిని.

ఆ రైతు ఉదయం ఐదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి యంత్రంతో పాలు పితికేవాడు. సరిగ్గా పన్నెండు గంటల ఎడం. అక్టోబరు నెలాఖరున వెళ్ళినప్పుడు అతను ఐదుంపావుకు మొదలుపెట్టాడు. ఆలస్యమైందేమని అడిగితే నవ్వి, వచ్చే ఆదివారం గంట మారుతుంది గనక ఇప్పటినుంచే రోజుకు పదేసి నిమిషాలు వెనక్కి జరుపుతున్నానన్నాడు. ఆరు రోజులలో గంట పూర్తవుతుంది. ఆదివారం గడియారం తిప్పేసరికి ఆవులు అప్పటికే కొత్త గంటలో ఉంటాయి.

అలా జరపకపోతే ఏమవుతుందని అడిగాను. అతను చెప్పినది మన పల్లెలో ఏ ముసలమ్మను అడిగినా చెప్పగలదు. శరదృతువులో గడియారం వెనక్కి వెళ్ళినప్పుడు పితికేవాడు ఆవు లెక్కన గంట ఆలస్యంగా వస్తాడు. ఈలోగా పొదుగు బిగుసుకుంటుంది. కొన్నిటికి పాలు కారిపోతాయి. కొన్ని తలుపు దగ్గర గుమిగూడి అరుస్తాయి. చనుమొనలు తెరుచుకుని ఉన్నప్పుడు కింద మురికిలో పడుకుంటే పొదుగువాపు వచ్చే ప్రమాదమూ ఉంటుంది. వసంతంలో ఇది తిరగబడుతుంది. మనిషి గంట ముందే వచ్చి నిద్రపోయే ఆవును లేపుతాడు. అది లేచినా పొదుగు నిండి ఉండదు, సరిగా చేపదు. ఆ పూట పాలు తగ్గుతాయి. కొద్దిరోజులలో అన్నీ సర్దుకుంటాయి గాని, ఆ కొద్దిరోజులూ పశువుకూ యాతన, రైతుకూ యాతన.

"పాత గంట ప్రకారమే పితుక్కుంటూ పోతే ఏం?" అని కూడా అడిగాను. పాల ట్యాంకరు కొత్త గంటకు వస్తుంది, పనివాళ్ళు కొత్త గంటకు వస్తారు, పిల్లల బడి కొత్త గంటకు తెరుస్తారు, అన్నాడు. ఆవుకు సూర్యుడున్నాడు గాని రైతుకు లారీ ఉంది.

ఇప్పుడు కొన్ని దొడ్లలో మనిషి అవసరం లేకుండా పాలు పితికే యంత్రాలు వచ్చాయి. 1992లో హాలండులో మొదలైనవి. ఆవు మెడలో ఒక గుర్తు ఉంటుంది. తనకు పితికించుకోవాలనిపించినప్పుడు అదే నడిచి యంత్రం దగ్గరికి వెళుతుంది. అటువంటి దొడ్డిలో గంట మారినా ఆవుకు తేడా లేదు, ఎందుకంటే దాని వేళను నిర్ణయించేవాడు ఎవడూ లేడు. మా ఆవిడ ఈ మాట విని, "అయితే ఆవును నిమిరేవాడూ లేడన్నమాట" అంది. మా ఇంట్లో గేదె మా అమ్మ చేయి తగిలితే తప్ప చేపేది కాదు. పురిటికో పెళ్ళికో ఆమె ఊరికి వెళితే, ఆమె చీర కొంగు కప్పుకుని మా పిన్ని పితికేది. మన గేదెలు గంట మారితే ఊరుకుంటాయేమో గాని చేయి మారితే ఊరుకోవు.

కోళ్ళ సంగతి మరో తీరు. గుడ్లుపెట్టే కోడికి రోజుకు పద్నాలుగు నుంచి పదహారు గంటల వెలుతురు కావాలి. ఆ వెలుతురును కోడి కంటితోనే గాక పుర్రె గుండా మెదడుతో కూడా పసిగడుతుంది. అందుకే మన గోదావరి జిల్లాల ఫారాలలో కూడా పొద్దుకు తోడు దీపాలు వెలిగిస్తారు. ఒక గుడ్డు తయారుకావడానికి సుమారు ఇరవై ఐదు గంటలు పడుతుంది. అందువల్ల కోడి రోజూ కాస్త కాస్త ఆలస్యంగా పెట్టి, చివరకు ఒక రోజు మానేస్తుంది. గంట మారిన నాడు తెలివైన ఫారం యజమాని దీపాల టైమరును ఒక్కసారిగా గంట జరపడు. కొందరు టైమరును పాత గంటలోనే ఉంచి, గుడ్లు ఏరే పనివాళ్ళ వేళను మార్చుకుంటారు. పెరట్లో తిరిగే కోళ్ళకైతే పొద్దు గుంకగానే గూటికి చేరడం, పొద్దు పొడవగానే దిగడం. తలుపు తీసే మనిషి వేళకు రాకపోతేనే గోల.

ఇంటి పెంపుడు జంతువులలో కుక్క గురించి నేను కాస్త వివరంగా చెప్పాలి. మా అమ్మాయి ఇంట్లో బ్రూనో అని పన్నెండేళ్ళ లాబ్రడార్ కుక్క ఉండేది. దానికి మధుమేహం. పూటపూటకూ తిండి తిన్నాక ఇన్సులిన్ ఇంజక్షన్ ఇవ్వాలి, పన్నెండు గంటల ఎడంలో. ఉదయం ఆరున్నర, సాయంత్రం ఆరున్నర. మా ఆవిడకూ అదే జబ్బు, అదే మందు, ఇంచుమించు అదే వేళ. మేము వెళ్ళాక సాయంత్రం పూట ఆ పని నాకు అప్పగించారు. ముందు కుక్కకు గిన్నెలో తిండి, దాని ఇంజక్షను. తరువాత మా ఆవిడ ఇంజక్షను, మా భోజనం. ఇద్దరి మందులూ ఫ్రిజ్‌లో వేరువేరు డబ్బాలలో, పేర్లు రాసి ఉండేవి. ఆఫీసులో ముప్పై ఏడేళ్ళు రిజిస్టర్లు రాసినవాడిని గనక దీనికీ ఒక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, వేళ, తిన్నదీ లేనిదీ, ఎంత మందు, నా పొడి సంతకం.

అక్టోబరు చివరి వారంలో మా అమ్మాయి పశువైద్యురాలికి ఫోను చేసింది. ఆవిడ ఆ కుక్క తీరు తెలిసిన మనిషి. తిండినీ మందునూ కలిపి రోజుకు పావుగంట చొప్పున వెనక్కి జరపమని చెప్పింది. నాలుగు రోజులలో గంట. నేను నా పుస్తకంలో ఆ నాలుగు రోజుల వేళలూ ముందే గళ్ళు గీసి రాసుకున్నాను. మొదటి రోజు సాయంత్రం ఆరుంముప్పావు. బ్రూనో మాత్రం ఆరుంపావుకే వచ్చి నా మోకాలి మీద తల ఆనించి కూర్చుంది. అరవలేదు, పీకలేదు. నా ముఖం చూసింది, ఫ్రిజ్ తలుపు చూసింది, మళ్ళీ నా ముఖం చూసింది. "ఇంకా వేళ కాలేదమ్మా" అన్నాను తెలుగులో. మా ఆవిడ పక్కనుంచి, "వేళ అయింది, అది చెప్పేదే నిజం. మనమే మార్చాం" అంది. ఆ పదిహేను నిమిషాలూ దాన్ని వాకిట్లో కాస్త తిప్పి తీసుకువచ్చాను. నాలుగో రోజుకు అది కొత్త వేళకు కాస్త ముందుగా వచ్చి కూర్చోవడం నేర్చుకుంది.

నవంబరు 3 ఆదివారం గడియారాలు మారాయి. ముందు రోజు సాయంత్రం ఐదుంముప్పావు దాటాక అస్తమించిన సూర్యుడు ఆ రోజు నాలుగుంముప్పావుకే అస్తమించాడు. ఇంట్లో అందరూ చీకటి త్వరగా పడిందని విసుక్కున్నారు. బ్రూనో ఒక్కటే ఏ ఇబ్బందీ లేకుండా తన వేళకు తిని, ఇంజక్షను చేయించుకుని పడుకుంది. దానికి అంతకు ముందే నాలుగు రోజులు అందరం కలిసి దారి వేశాం గదా!

ఇది అందరి కుక్కలకూ ఒకేలా ఉండదు. కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయంవారు మంచు బండ్లు లాగే కుక్కలనూ, ఇళ్ళల్లో పెరిగే కుక్కలనూ శరత్కాలపు గంట మార్పు రోజులలో గమనించి 2025లో ప్రకటించారు. నియమంగా పనిచేసే బండి కుక్కలు మొదటి రోజు పాత వేళకే చురుకుగా లేచి మనుషుల కోసం ఎదురుచూసి, మర్నాటికి సర్దుకున్నాయి. ఇంటి కుక్కలలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఇంట్లో మనుషుల వేళలు రోజుకొక తీరుగా ఉంటే కుక్కకు అదే అలవాటవుతుంది. వేళ తప్పని ఇంట్లో ఉన్న ప్రాణికే వేళ మారడం కష్టం. ఉద్యోగంలో మనకూ అంతే గదా. రోజూ సరిగ్గా పదిన్నరకు వచ్చేవాడికే పావుగంట ఆలస్యమంటే గుండె దడ.

అడవి జంతువులకు గంట మారిన సంగతి తెలియదన్నాను. కానీ వాటికీ ఒక ప్రమాదం ఉంది. నవంబరులో గడియారం వెనక్కి వెళ్ళగానే ఆఫీసు వదిలే వేళ చీకట్లో పడుతుంది. జింకలు ఎక్కువగా తిరిగేదీ ఆ మునిమాపు వేళే, పైగా అది వాటి జతకట్టే కాలం. మార్పు జరిగిన తరువాతి వారంలో జింకలను కార్లు ఢీకొనడం సుమారు 16 శాతం పెరుగుతోందని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు 2022లో లెక్క కట్టారు. జింక తన దారిన తాను పోతూనే ఉంది. దాని దారికి అడ్డం వచ్చే వేళను మనిషి మార్చుకున్నాడు.

ఇక మనలో పిల్లల దగ్గరికి వెళ్ళేవారికి నాలుగు మాటలు.

ఒకటి, ఆ ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే, గంట మారే ఆదివారానికి వారం ముందు నుంచే తిండి, తిప్పడం, నిద్ర, అన్నిటినీ రోజుకు పది పదిహేను నిమిషాలు జరపండి. నవంబరులో వెనక్కి, మార్చిలో ముందుకు. ఒకటి జరిపి ఒకటి జరపకపోతే దానికి అయోమయం.

రెండు, వేళ మారినా వరస మార్చకండి. ముందు తిప్పడం, తరువాత తిండి అలవాటైతే ఆ వరసే ఉంచండి. జంతువు గంటను కన్నా వరసను ఎక్కువ నమ్ముకుంటుంది.

మూడు, నవంబరులో జంతువు ముందుగా వచ్చి అడుగుతుంది గనక ఇంట్లో ఒకరు జాలిపడి పెడతారు, మరొకరు వేళకు మళ్ళీ పెడతారు. పెట్టే బాధ్యత ఒక్కరిదే కావాలి, లేదా నాలాగా ఒక పుస్తకం పెట్టండి.

నాలుగు, మందు వాడే జంతువు విషయంలో సొంత తెలివి వద్దు. ఎంత జరపాలో, ఎన్ని రోజులలో జరపాలో దాన్ని చూసే పశువైద్యుడిని ముందే అడగాలి. ఇన్సులినో మరొకటో వేళకు వాడే మనమూ ప్రయాణానికి ముందు మన డాక్టరును అడగాలి. మా ఆవిడ అడిగింది గనకే చెబుతున్నాను.

ఈ గంట మార్పును ఎత్తివేయాలన్న మాట అక్కడ కూడా వింటున్నాం. 2019 మార్చిలో ఐరోపా పార్లమెంటు రద్దుకు ఓటు వేసింది గాని సభ్య దేశాలు ఏకాభిప్రాయానికి రాలేదు. 2022 మార్చిలో అమెరికా సెనేటు ఏడాది పొడుగునా వేసవి గంటే ఉంచాలని తీర్మానించింది గాని దిగువ సభలో అది ముందుకు కదలలేదు. మెక్సికో మాత్రం 2022లో దేశంలో చాలా భాగానికి ఎత్తివేసింది. ఫైలు నడుస్తోంది అన్నమాట. ఫైలు నడవడమంటే ఏమిటో ఈ సభకు నేను చెప్పనక్కరలేదు.

మేము 2023 ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళేసరికి బ్రూనో లేదు. ముందటి ఏడు పోయింది. మార్చి 12న గడియారాలు ముందుకు జరిగాయి. ఈసారి వారం ముందు నుంచి జరపవలసినవి ఏమీ లేవు. అయినా సాయంత్రం ఆరున్నర కాగానే మా అమ్మాయి కూర్చున్నచోటు నుంచి లేచి వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగిపోయేది. మేమెవరమూ ఏమీ అనేవాళ్ళం కాదు. నేనూ పదవీ విరమణ చేసిన ఏడాదంతా తొమ్మిదిన్నరకు చెప్పుల కోసం చూసేవాడిని. మన బ్యాచి వాళ్ళందరిదీ ఇదే అనుభవమని నాకు తెలుసు. మనను యాభై ఎనిమిదో ఏట నెలాఖరు సాయంత్రం దండవేసి, శాలువా కప్పి, మర్నాటినుంచి రానక్కరలేదన్నారు. రోజుకు పదినిమిషాలు తగ్గించి ఎవరూ పంపలేదు.

గంట మార్చే అధికారం ఉన్నవాడికి అది ముల్లు తిప్పినంత పని. దాని బరువు మోసేది ఎవరి చేతి మీదో ఆధారపడి బతికే ప్రాణి. ఆ రైతు తన ఆవులకు ఆరు రోజుల గడువు ఇచ్చాడు, మా అమ్మాయి తన కుక్కకు నాలుగు రోజులు ఇచ్చింది. ఖర్చు ఏమీ లేదు, ముందుగా గుర్తుంచుకోవడం ఒక్కటే. మన ఇళ్ళల్లో ఇప్పుడు భోజనం వేళ, మందు వేళ, టీవీ వేళ మన చేతిలో లేనివారు ఎంతోమంది ఉన్నారు. కోడళ్ళూ కొడుకులూ కూడా ఈ సభలో ఉన్నారు గనక అంటున్నాను. పెద్దవాళ్ళ వేళలు మార్చవలసి వస్తే మార్చండి, తప్పులేదు, మీ ఉద్యోగాలు మీకున్నాయి. వారం ముందు ఒక మాట చెప్పండి. కాస్త కాస్తగా జరపండి. మేమూ సర్దుకుంటాం.

 భోజనాల వేళ దాటకుండానే ముగిస్తున్నాను. సెలవు.